మాస్క్ ఫిట్ టెస్ట్: తీపి రుచి మేలా, మెషీన్ అంకె మేలా?

రాతి దుమ్ములో పనిచేసేవాళ్లకి మాస్క్ కొనేటప్పుడు అందరూ చూసేది డబ్బా మీద 95 అని ఉందా లేదా అనే. ఆ 95 శాతం ఫిల్టర్‌ది. చెంపకీ మాస్క్ అంచుకీ మధ్య సందు ఉంటే రాతి దుమ్ము ఫిల్టర్ జోలికే పోకుండా ఆ సందులోంచి లోపలికొస్తుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా రూల్ ప్రకారం, ముఖానికి బిగుతుగా పెట్టుకునే మాస్క్ తప్పనిసరైన పనుల్లో ప్రతి కార్మికుడికీ ముందుగా, తర్వాత ఏడాదికోసారి ఫిట్ టెస్ట్, అంటే మాస్క్ ముఖానికి సందు లేకుండా అతుక్కుందో లేదో చూసే పరీక్ష, చేయాలి.

చవకైనది సాకరిన్ టెస్ట్. తలకి హుడ్ తొడిగి, ముందు మాస్క్ లేకుండా సాకరిన్ అనే తీపి పదార్థాన్ని పలచగా కలిపి తుంపర కొట్టి తీపి తెలుస్తోందా అని చూస్తారు. తర్వాత మాస్క్ పెట్టించి చిక్కటి ద్రావణం కొడతారు. తల అటూ ఇటూ తిప్పాలి, పైకీ కిందికీ ఆడించాలి, నడుం వంచాలి, పైకి చదవాలి. ఒక్కొక్కటి ఒక్కో నిమిషం. మధ్యలో నాలుకకి తీపి తగిలితే ఫెయిల్. టెస్టుకి పావుగంట ముందు నుంచి టీ, సిగరెట్ ఏవీ కుదరవు, మంచినీళ్లు తప్ప. దీని లోపమల్లా ఒకటే: ఫలితం మనిషి నోటి మాట మీద ఆధారపడుతుంది. ఫెయిలైతే పని పోతుందేమోనన్న టెన్షన్‌లో ఉన్నవాడు తీపి తెలిసినా తెలియలేదనే అంటాడు.

పోర్టాకౌంట్ లాంటి మెషీన్‌కి ఆ బాధ లేదు. మాస్క్ బయట, లోపల ఉన్న నలకలను అదే లెక్కపెడుతుంది. బయట 10,000, లోపల 100 ఉంటే ఫిట్ ఫ్యాక్టర్ 100. సగం ముఖం మాస్క్‌కి అది చాలు. ముఖమంతా కప్పేదానికి 500 రావాలి. రుచి టెస్ట్ 100కి మించి నిరూపించలేదు కాబట్టి ఫుల్ ఫేస్‌కి ఆ 500 చూపించాలంటే మెషీనే గతి. కానీ మెషీన్ ఖరీదు. వాడి పారేసే దుమ్ము మాస్క్‌కి గొట్టం కోసం రంధ్రం చేస్తారు, ఆ మాస్క్ ఇక పనికిరాదు.

చిన్న యూనిట్‌లో సగం ముఖం మాస్కులే వాడుతుంటే నా ఓటు సాకరిన్‌కే. మెషీన్ కొనే స్తోమత వచ్చేదాకా ఆగడం కంటే ఇవాళే అందరికీ చేయించడం మేలు. ఫెయిలైనవాడికి వేరే సైజు ఇస్తామని ముందే చెబితే నిజం చెబుతాడు. గడ్డం ఉంటే ఏ టెస్టూ చేయకూడదు, ముందు గీయించుకోవాలి.

రెండూ పట్టుకోలేనిది ఇంకొకటుంది. ఫిట్ ఫ్యాక్టర్ 100 వచ్చినవాడు 8 గంటల షిఫ్టులో ఉక్కపోతకి 48 నిమిషాలు దుమ్ములోనే మాస్క్ తీసేశాడనుకోండి. మొత్తం లెక్కలో ఆ 100 రెట్ల రక్షణ సుమారు 9 రెట్లకు పడిపోతుంది. అందుకే టెస్టుతో పాటు, మాస్క్ తీసి ఊపిరి పీల్చుకోవడానికి దుమ్ము లేని గది ఒకటి ఏర్పాటు చేయమని యాజమాన్యాన్ని గట్టిగా అడగండి.