మార్షల్ గవ్‌నర్ పెడల్: శుభ్రంగా మోగే యాంప్‌కి ఇంగ్లండ్ గొంతు

ఆరాధన అయిపోయి కేబుళ్లు చుట్టుకుంటుంటే మా బేస్ వాయించే తమ్ముడు దగ్గరికొచ్చి, "అన్నా, ఇవాళ నీ గిటార్ వినపడింది" అన్నాడు. మూడేళ్లుగా అదే గిటార్, అదే యాంప్, అదే వాల్యూమ్. ఆ ఆదివారం కొత్తగా చేరింది నా కాళ్ల దగ్గరున్న బరువైన నల్ల డబ్బా ఒక్కటే. మార్షల్ వాళ్ల గవ్‌నర్. గిటార్‌కీ యాంప్‌కీ మధ్య పెట్టి కాలితో తొక్కే ఓవర్‌డ్రైవ్ పెడల్, అంటే శబ్దానికి గరగర చేర్చే పెట్టె.

నాకు కావాల్సిన శబ్దం ఎలాంటిదో ముందు చెప్పాలి. మా గుంటూరు, తెనాలి వైపు పద్యనాటకాల్లో నటుడు రాగాన్ని పైకి లాగి లాగి చివర్లో గొంతు కొంచెం చిట్లనిస్తాడు చూడండి, ఆ చిట్లడం. మెల్లగా మీటితే శుభ్రంగా ఉండాలి, గట్టిగా కొడితే గరగరలాడాలి. అంత గరగరలోనూ కార్డ్‌లోని ఒక్కో తీగ విడివిడిగా వినపడాలి. అరవైల నాటి ఇంగ్లండ్ యాంపులకి ఉన్న గొప్ప గుణం ఇదే.

ఈ గొంతు పుట్టింది అమెరికా సర్క్యూట్‌లోంచే. లండన్ హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్మర్ పెట్టిన కొట్లో, 1962లో అమెరికా ఫెండర్ కంపెనీ బాస్‌మన్ యాంప్‌ని చూసి జేటీఎం45 అనే యాంప్ తయారు చేశారు. సర్క్యూట్ దాదాపు అదే. కానీ వాల్వులు (ట్యూబులు) వేరు, ట్రాన్స్‌ఫార్మర్లు వేరు, నాలుగు పన్నెండంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు వెనక మూసేసిన పెట్టెలో. ఆ తేడాలన్నీ కలిసి మధ్య స్వరాలు ముందుకొచ్చాయి. అదే కాలంలో ఫెండర్ మాత్రం మధ్య స్వరాలు లోపలికి పోయి, కింద పైన మెరిసే దారిలో వెళ్లింది. ఒంటరిగా వాయిస్తే ఆ మెరుపు ఎంతో అందం. కీబోర్డు, తబలా, ఇరవైమంది గాయకుల మధ్య వాయిస్తే గిటార్ కనపడకుండా పోతుంది.

మా చర్చిలో ఉన్నది ఫెండర్ బ్లూస్ జూనియర్, పదిహేను వాట్ల ట్యూబ్ యాంప్. పదిహేనే కదా అనుకోవద్దు, అది తనంతట తాను చిట్లేదాకా పెంచితే ముందు వరసలో పెద్దవాళ్లు చెవులు మూసుకుంటారు. కాబట్టి వాల్యూమ్ మూడు దాటదు. యాంప్ శుభ్రంగానే మోగుతుంది, గరగర మొత్తం పెడలే ఇవ్వాలి. ఓవర్‌డ్రైవ్ కొనేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే: మీ యాంప్ ఇప్పటికే చిట్లే అంచున ఉందా, లేక శుభ్రంగా ఉందా? నేను ఇది తేల్చుకోకుండానే రెండేళ్లు ట్యూబ్ స్క్రీమర్ అనే ఇంకో ఓవర్‌డ్రైవ్ పెడల్‌తో కుస్తీ పట్టాను.

ట్యూబ్ స్క్రీమర్ మంచి పెడల్. కాకపోతే దాని పని వేరు. చిట్లించే దశలోకి వెళ్లేముందే సుమారు 720 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని తగ్గించేస్తుంది, మధ్య స్వరాల్ని ఎత్తి పెడుతుంది. చిట్లే అంచున ఉన్న మార్షల్ యాంప్ ముందు పెడితే లావుగా ఉన్న అడుగు భాగం బిగుసుకుని అద్భుతంగా పాడుతుంది. శుభ్రమైన ఫెండర్ ముందు పెట్టి డ్రైవ్ (గరగర పెంచే నాబ్) పెంచితే మాత్రం జలుబు చేసినవాడు ముక్కుతో పాడినట్టుంటుంది. నా దగ్గర అలాగే ఉండేది.

హైదరాబాద్‌లో ఒక పెద్ద కొట్టుకి నా గిటార్ పట్టుకెళ్లాను, హంబకర్లు (జంట కాయిళ్ల పికప్‌లు) ఉన్న లెస్ పాల్ తరహాది. అక్కడున్న బ్లూస్ జూనియర్‌ని మా చర్చిలో పెట్టుకున్నట్టే పెట్టించుకుని, రివర్బ్ (ప్రతిధ్వని) పూర్తిగా తీసేసి రెండు గంటలు కూర్చున్నాను. రివర్బ్ ఉంటే ఏ పెడలైనా బాగానే వినపడుతుంది, అందుకే తీసేయాలి.

మొదట మార్షల్ బ్లూస్‌బ్రేకర్ పెడల్. ఈ పేరు అసలు ఒక కాంబో (స్పీకర్లు కూడా అదే పెట్టెలో ఉండే) యాంప్‌ది. ఆ యాంప్‌ని మోడల్ 1962 అంటారు. అది సంవత్సరం కాదు, నంబరు. అలాగే ప్లెక్సీగా పేరుపడ్డ మార్షల్ సూపర్ లీడ్ యాంప్ నంబరు 1959. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు. పెడల్ మాత్రం 1991లో వచ్చింది. దీనిలో గరగర చాలా పలచన, గెయిన్ (ఇదీ గరగర పెంచే నాబే) చివరిదాకా తిప్పినా మర్యాద తప్పదు. నెమ్మది పాటలకి, వేళ్లతో మీటేవాళ్లకి ఇంతకన్నా మంచిది నేను వినలేదు. కానీ పల్లవి ఎత్తుకునేచోట ఆ ఊపు సరిపోలేదు.

తర్వాత గవ్‌నర్. మొదటిసారి 1988లో వచ్చింది, గిటారిస్టు గ్యారీ మూర్ వాడింది. 2023లో ఇంగ్లండ్‌లోనే మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టారు. A కార్డ్ పట్టి మెల్లగా ఒక్కసారి కిందికి గీశాను. ఆరు తీగలూ వరసగా లెక్కపెట్టుకునేలా వినపడ్డాయి. అదే కార్డ్ గట్టిగా కొట్టాను, ఛాతీలో తగిలింది. మూడో తీగని ఏడో ఫ్రెట్ దగ్గర పైకి వంచి పట్టుకుంటే స్వరం సన్నబడకుండా నిలబడింది. ఇక గిటార్ వాల్యూమ్ పది నుంచి ఆరుకి దించాను. గరగర చాలావరకు పోయింది, శబ్దం మాత్రం మసకబారలేదు. అప్పుడే తీసుకుందామని నిర్ణయించేసుకున్నాను.

ఎందుకలా ఉందంటే, చిట్లించడానికి మామూలు సిలికాన్ డయోడ్ల బదులు ఇందులో ఎల్‌ఈడీలు పెట్టారు. వాటికి వోల్టేజ్ ఎక్కువ కావాలి, అందుకే శబ్దం అంత తొందరగా నలిగిపోదు. దానికితోడు బాస్, మిడిల్, ట్రెబుల్ మూడూ విడివిడిగా ఉన్నాయి. ట్యూబ్ స్క్రీమర్ మీద ఉన్న ఒక్క టోన్ నాబ్‌తో ఫెండర్ మధ్య స్వరాల్లోని గుంతని పూడ్చలేం, ఇక్కడ నాబ్‌ని గడియారం ముల్లులా చూసుకుని మిడిల్ ఒంటిగంటకి తిప్పితే ఆ గుంత పూడిపోతుంది.

ఇబ్బందులు లేకపోలేదు. బాస్ పన్నెండు దాటితే హంబకర్లతో బురదబురదగా అవుతుంది. ట్రెబుల్ రెండు దాటితే పైన ఈగల రొద. గెయిన్ మూడు దాటిస్తే అరవైల గొంతు పోయి ఎనభైల హెవీ మెటల్ వచ్చేస్తుంది, నాకది అక్కర్లేదు. పెడల్ పెద్దది, పెడళ్ల బోర్డు మీద చోటు తింటుంది. ధర కూడా ఆలోచించి పెట్టాల్సినదే. తొమ్మిది వోల్టుల అడాప్టర్ ఒక్కదాన్నే గొలుసు కేబుల్‌తో డిజిటల్ డిలే అనే ఇంకో పెడల్‌కీ దీనికీ పంచాను, సన్నటి కూత మొదలైంది. ఔట్‌పుట్లు విడివిడిగా ఉన్న పవర్ సప్లై పెట్టాక ఆగింది.

వాక్స్ ఏసీ30 యాంప్ మోగినట్టు గలగల కావాలనుకునేవాళ్లు దీన్ని కొనొద్దు. అది వేరే ఇంగ్లండ్ గొంతు. అలాగే ఏ పెడలూ నాలుగు స్పీకర్ల పెట్టె ఇచ్చే ఆ గాలి తోపుని ఇవ్వలేదు. మైకులోంచి హాల్లోకి వెళ్లే శబ్దం వరకైతే నాకు ఏ కొరతా లేదు.

ఇప్పుడు నా నాబ్‌లు: గెయిన్ పదకొండు, బాస్ పది, మిడిల్ ఒంటిగంట, ట్రెబుల్ పదకొండు. పాత ట్యూబ్ స్క్రీమర్‌ని అమ్మలేదు. గవ్‌నర్ ముందు పెట్టి, డ్రైవ్ సున్నాకి దించి, లెవెల్ మూడు దాకా పెంచాను. చివరి చరణానికి ముందు వచ్చే నాలుగు బార్ల సోలోకి రెండూ కలిపి తొక్కుతాను.