తెరచాప పడవా, వన్‌టౌన్ నడకా?

విశాఖ చరిత్ర చూపించమని చుట్టాలొస్తే నాకెప్పుడూ ఇదే తగువు. రెండూ చేశాను, రెండూ ఒకటి కాదు.

వన్‌టౌన్ అంటే పాత విశాఖ. అక్కడ నడకకు ఖర్చు లేదు. పాత పోస్టాఫీసు దగ్గర మొదలెట్టి, కురుపాం మార్కెట్ సందుల్లోంచి రాస్ హిల్ ఎక్కితే చర్చి. పక్క కొండ మీద వెంకటేశ్వరస్వామి, ఇంకో కొండ మీద దర్గా. మెట్లకి మోకాళ్లు పట్టేస్తాయి, అంతే.

పడవ సంగతి వేరు. ఇంజను ఆపి తెరచాప ఎత్తగానే చప్పుడంతా పోయి, గుడ్డ పటపటలు మాత్రమే మిగిలాయి. అప్పుడు తలెత్తి చూస్తే, డాల్ఫిన్ నోస్ అని పిలిచే యారాడ కొండ నిజంగానే డాల్ఫిన్ ముక్కులా సముద్రంలోకి చొచ్చుకొచ్చి ఉంది. ఒడ్డున చూస్తే ఆ పోలిక నాకెప్పుడూ అందలేదు. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకలు బ్రిటిష్ వాళ్ల యుద్ధనౌక 'సెంచూరియన్' మీద పడింది ఈ నీళ్లలోనే. ఓడరేవు తెరిచింది 1933లో. అంతకుముందు ఓడలు బయటే లంగరేస్తే, సరుకు చిన్న పడవల్లో ఒడ్డుకు చేరేది. కెరటాల్లో ఆ ఊపు తగిలాకే కూలీల కష్టం అర్థమైంది. మా చుక్కాని మనిషి జాలరి కుటుంబం వాడు. ఒడ్డు సన్నగీతయ్యాక దారికి కొండల వరసే గుర్తని చెయ్యెత్తి చూపించాడు.

కడుపులో తిప్పేవాళ్లకి మాత్రం నడకే. మా బావగారు సగం దారిలో నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నారు. నాకైతే పడవే, ఆయన్నడిగితే రాస్ హిల్ అంటారు.