లక్నవరం దీవి: ఒక్కపూట చూసి రావడమా, రాత్రి ఉండటమా?

మొదటిసారి లక్నవరం ఆదివారం పోయాం, రెండోసారి బుధవారం పోయి రాత్రి దీవి మీదే ఉన్నాం. రెండు సార్లూ చూసింది ఒకే చెరువంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

హన్మకొండ నుంచి డెబ్భై కిలోమీటర్ల పైమాటే. ములుగు దాటాక బుస్సాపూర్ దగ్గర పక్కకు తిరగాలి. ఆదివారం మేం చేరేసరికే వేలాడే వంతెన మీద జనం కిక్కిరిసి ఉన్నారు, ఎవరో పిల్లలు ఉరికితే వంతెనంతా ఊగింది, అమ్మ ఇనుప తాడును రెండు చేతులా పట్టుకుని "జర మెల్లగ నడువు బిడ్డా" అంటూ అక్కడే ఆగిపోయింది. దీవి మీద చెట్టు కింద సద్ది విప్పగానే కోతులొచ్చాయి. బోటు కోసం లైన్లో గంటసేపు నిలబడ్డాం. ఖర్చు తక్కువే, కానీ దీవిలో కూర్చున్నట్టే అనిపించలేదు.

రాత్రి ఉంటే ఖర్చు బాగానే అవుతుంది, టూరిజం వాళ్ల కాటేజీలు ముందే బుక్ చేసుకోవాలి. 2024లో ఇంకో దీవి మీద కూడా కొత్తగా రిసార్ట్ తెరిచారు. అయినా నా ఓటు రాత్రి ఉండటానికే. పొద్దుగూకాక వచ్చినవాళ్లంతా వెళ్లిపోయి, చుట్టూ గుట్టలు నల్లబడి, నీళ్లు ఒడ్డుకు తగిలే చప్పుడు ఒక్కటే మిగులుతుంది. తెల్లారుజామునే లేచి బయటికొస్తే నీళ్ల మీద పొగమంచు, ఒక మోడు మీద నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. కాకతీయుల కాలంలో గుట్టల మధ్య సందులకు కట్టలు కట్టి నీళ్లు ఆపితేనే ఇంత చెరువైందని బాపు చెప్తుంటే, ఆ గుట్టలు ఎదురుగానే కనిపిస్తున్నాయి.

ఉన్నది ఒక్క ఆదివారమే, పెద్దవాళ్లు వెంట ఉన్నారంటే మాత్రం రామప్పకు పోండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, పక్కనే చెరువు కట్ట. అక్కడ వంతెన దాటి దీవికి పోయేదేమీ లేదు కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదే నయం.

వానలు బాగా పడి చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకిన ఏడాది, దసరా నుంచి సంక్రాంతి దాకా లక్నవరం నిండుగా ఉంటుంది. ఎండాకాలం నీళ్లు తగ్గి ఒడ్డు దూరం జరుగుతుంది. మేడారం జాతర రోజుల్లో మాత్రం అటు బయల్దేరకండి, జాతర బండ్లన్నీ ఆ రోడ్డు మీదే ఉంటాయి.