జాగ్వార్ ఇ-టైప్ 2+2, జెన్సెన్ ఇంటర్‌సెప్టర్: ఏళ్లు వాడాక తేలిన లెక్క

ఈ రెండు పాత బ్రిటిష్ కార్లలో దూరం తోలడానికైతే జెన్సెన్, విడిభాగాల బెంగ లేకుండా ఉండాలంటే జాగ్వార్. ఇక్కడ మాట్లాడేది 1966లో వచ్చిన 4.2 లీటర్ల ఇ-టైప్ 2+2 (ముందు రెండు సీట్లు, వెనక రెండు చిన్న సీట్లు) గురించీ, క్రైస్లర్ 6.3 లీటర్ల వి8 ఉన్న ఇంటర్‌సెప్టర్ గురించీ.

జాగ్వార్‌కి పార్టులు ఇట్టే దొరుకుతాయి. కానీ ఏ పని పెట్టుకున్నా సగం బండి విప్పాలి. క్లచ్ మార్చాలంటే ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి బయటికి తీయాలి. వాల్వుల్ని నడిపే పై టైమింగ్ చెయిన్ మోగితే ఇంజిన్ హెడ్ ముందున్న బ్రీదర్ కవర్ తీసి బిగించుకోవచ్చు, కిందది మోగితే మళ్లీ ఇంజిన్ తీయాల్సిందే.

వెనక బ్రేకుల సంగతి మరీనూ. డిస్కులు చక్రాల దగ్గర కాదు, డిఫరెన్షియల్‌ని (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెని) ఆనుకుని ఉంటాయి. ఆ వేడికి డిఫరెన్షియల్ సీళ్లు గట్టిపడి, ఆయిల్ నేరుగా డిస్కు మీదికి కారుతుంది. కొనే ముందు కిందికి దూరి టార్చి వేయండి. డిస్కు తడిగా మెరుస్తున్నా, బ్రేక్ ప్యాడ్లని నొక్కే కాలిపర్ కింద నల్లటి జిడ్డు పేరుకున్నా బేరం తగ్గించాలి. సీలు ఖరీదెంత? రేడియస్ ఆర్ములు, ప్రొపెల్లర్ షాఫ్ట్, బ్రేక్ పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ విప్పి వెనక సస్పెన్షన్‌ని మోసే కేజ్ మొత్తం దించడానికే డబ్బంతా. దించాక రబ్బరు మౌంట్లన్నీ మార్చేయండి, రెండోసారి ఆ పని ఎవరూ కోరుకోరు.

ఇంజిన్‌ని మోసే గొట్టాల ఫ్రేములు లోపల్నుంచి తుప్పు పడతాయి. వెల్డింగ్ అతుకులు కనిపిస్తే కొత్త ఫ్రేముల ఖర్చు లెక్కేసుకోండి. ఆయిల్ ప్రెషర్ వేడి మీద, 3000 ఆర్‌పీఎం దగ్గర 40 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) రావాలి. డాష్‌బోర్డు మీటర్‌ని నమ్మకుండా మెకానికల్ గేజ్ తగిలించి చూడండి.

జెన్సెన్ ఇంజిన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, దాని గొప్పే అది. ఆయిల్ ఒత్తిడితో తమంతట సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు, వాల్వ్ సందు సరిచేసే పనే లేదు. టార్క్‌ఫ్లైట్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ని బండి వేడిగా, ఇంజిన్ ఆన్‌లో, న్యూట్రల్‌లో ఉండగా చూడాలి. మాడు వాసన వస్తే ఓవర్‌హాల్ ఖాయం. లీటరుకి నాలుగు కిలోమీటర్లొస్తే సంతోషించాలి.

తలనొప్పల్లా వేడి. ట్రాఫిక్‌లో నడిచి ఆపితే కార్బొరేటర్లో పెట్రోల్ మరిగిపోయి, కాసేపటికి స్టార్ట్ చేద్దామంటే అందుకోదు. కార్బొరేటర్ కింద వేడి ఎక్కనివ్వని స్పేసర్ వేసి, పెట్రోల్ పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా జరిపి, రేడియేటర్ కోర్ మార్పిస్తే దారికొస్తుంది.

జేబుకి చిల్లు పడేది బాడీ దగ్గర. సిల్స్ (తలుపుల కింది బాడీ అంచులు) మీది మెరుపు పట్టీల వెనక లోహం గుల్లైపోయి ఉండొచ్చు. వాటిని విప్పి చూడనివ్వని మనిషి దగ్గర కొనకండి. వెనక చక్రాల పైవంపులూ వేలితో నొక్కి చూడండి. ఇంటర్‌సెప్టర్లు తయారైనవే 6,400 పైచిలుకు, డెబ్బై వేలు దాటిన ఇ-టైపులకు దొరికినట్టు ప్యానెళ్లు దొరకవు.

బ్రిటన్‌లో 2021 నుంచి బంకుల్లో మామూలు పెట్రోల్ ఇ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిసింది). పాత రబ్బరు పైపుల్ని అది తినేస్తుంది, కాబట్టి రెండింటికీ ఇథనాల్‌ని తట్టుకునే పైపులు వేయించి సూపర్ గ్రేడ్ ఇ5 (ఐదు శాతం దాకానే ఇథనాల్) పోయించండి. 40 ఏళ్లు దాటిన బండికి ఎంఓటీ (బ్రిటన్‌లో ఏటా చేసే బండి భద్రతా పరీక్ష) తప్పనిసరి కాదంటారు గానీ, ఏటా చేయించండి, అడుగుభాగం లిఫ్ట్ మీద చూసినట్టవుతుంది.