దిగి తెలుసుకోవడమా, అడిగి దిగడమా: ఏది మేలు?

ఇరవై ఏళ్ల వయసులో నేను రెండూ చేశాను.

మొదటిది తలకోనలో. తిరుపతి నుంచి నలుగురు మిత్రులం వెళ్లాం. 270 అడుగుల జలపాతం కింద మడుగు ఎంత లోతుందో చూద్దామని దూకాను. ముందురోజు వాన పడడంతో నీరు మట్టిరంగులో ఉంది, అడుగు కనబడలేదు. మునిగి ఉన్న బండకు తగిలి మోకాలి చిప్ప పగిలింది. పైకి మోసుకొస్తుంటే జామకాయలమ్మే అవ్వ, "అక్కడ బండ ఉంది నాయనా, అడిగి ఉంటే చెప్పేదాన్ని" అంది.

ఒంటరిగా వెళ్లి ఉంటే దూకేవాణ్ణి కాను. 2005లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించి చూశారు. తోటివాళ్లు పక్కనుంటే కౌమారంలో ఉన్నవాళ్లు, 18-22 ఏళ్లవాళ్లు పెద్దవాళ్లకంటే ఎక్కువగా తెగించారు. నన్ను దూకించింది మడుగు లోతు మీది ఆసక్తి కాదు, ఒడ్డున వినిపించిన కేకలు.

రెండోది తిరుమల ఘాట్ రోడ్డులో. భూగర్భశాస్త్రం చదివే ఒక సీనియర్‌ను బతిమాలి వెంట వెళ్లాను. కింద గ్రానైట్, మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, నడుమ ఒక గీత. దానికి అడ్డంగా అరచేయి ఆనించాను. చిటికెన వేలికింది రాయికీ చూపుడు వేలికింది రాయికీ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని ఆయన చెప్పగానే ఒళ్లు జలదరించింది.

ఆ తర్వాత నేను అడగలేదు, దూకాను. ఇంటర్‌లో సైన్సే చదివాను కాబట్టి, బీకాం వదిలేసి మళ్లీ మొదటి ఏడాది బీఎస్సీలో చేరాను. నాన్నగారు నెల రోజులు మాట్లాడలేదు. రెండేళ్లు పోయాయి. అయినా నా జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి.

కాబట్టి అడగడమే ఎప్పుడూ మేలని నేను అనను. చదువు, ఊరు, ఉద్యోగం: ఇవి బెడిసినా వెనక్కి రావచ్చు, దిగి చూడండి. నీరు, గంజాయి, ఫోనులో పందేలు అలా కావు. అక్కడ "ఒక్కసారి చూద్దాం" అన్న మాటే ప్రమాదం.

మా మేనల్లుడికి పంతొమ్మిది. వచ్చే ఆదివారం తలకోనకు వెళ్తున్నాడు. వద్దనలేదు. లోతెంతో అక్కడివాళ్లను అడగమన్నాను, అదీ స్నేహితులకు కాస్త దూరంగా వెళ్లి.