సీటీలో చేరాలా, ఎంఆర్ఐలో చేరాలా?

ఎక్స్‌రే రూములో ఏడాదో రెండేళ్లో చేశాక ప్రతి టెక్నీషియన్‌కీ ఈ ప్రశ్న వస్తుంది. మా జూనియర్లయితే ముందే ఒక మాట అనేస్తారు: "ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు కదన్నా!"

ఉండదు, నిజమే. మరి సీటీలో మనకి తగిలేది ఎంత? ఎక్స్‌రే వచ్చే ఆ కొన్ని సెకన్లూ మనం సీసపు అద్దం వెనక, కన్సోల్ ముందు ఉంటాం. అణు ఇంధన నియంత్రణ బోర్డు (ఏఈఆర్‌బీ) మనకి పెట్టిన రేడియేషన్ పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలవడానికి పెట్టుకుని, మూడు నెలలకోసారి మార్చే టీఎల్‌డీ బ్యాడ్జీ రిపోర్టులో నా అంకె ఎప్పుడూ దాని దరిదాపుల్లోకి రాలేదు. భయపడాల్సింది క్యాథ్‌ల్యాబ్‌లో (గుండె రక్తనాళాల పరీక్షలు చేసే గది), ఆపరేషన్ థియేటర్‌లో సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మెషిన్ పక్కన నిలబడేవాళ్లు. (బ్యాడ్జీ లాకర్‌లో పెట్టి డ్యూటీ చేసేవాళ్ల రిపోర్టు ఎప్పుడూ బంగారంలా ఉంటుంది, వాళ్ల సంగతి వదిలేయండి.)

నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది, ఏ రకం అలసట మీరు తట్టుకోగలరన్నది.

సీటీ అంటే పరుగే. రాత్రి రెండింటికి యాక్సిడెంట్ కేసు, దాని వెనకే పక్షవాతం కేసు, ట్రాలీ తోసే మనిషి కనపడడు, డాక్టరు నుంచి ఫోన్ మీద ఫోన్. స్కాన్ చిటికెలో అయిపోతుంది గానీ మనిషిని టేబుల్ మీదకి ఎక్కించి దించేసరికి నడుం పోతుంది. కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనపడటానికి ఎక్కించే మందు) అయితే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి, చేతి నరానికి పెట్టిన క్యాన్యులాలోకి సెలైన్ పంపి చూసుకోవాలి, లేదంటే రక్తనాళాలు చూసే యాంజియో స్కాన్‌కి ఇంజెక్టర్ సెకనుకి 4 మి.లీ. చొప్పున తోసినప్పుడు మందు చర్మం కిందకి పోయి చెయ్యి బూరెలా ఉబ్బుతుంది. "ఒళ్లంతా వేడిగా అనిపిస్తుంది, కంగారు పడకండి" అని ముందే చెప్పకపోతే పేషెంటు మధ్యలో లేచి కూర్చుంటాడు.

ఎంఆర్ఐలో ఒక్కో కేసుకి ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట. కూర్చుని చేసే పనే కదా అనుకుంటారు. కానీ ఆ అయస్కాంతం కరెంటు పోయినా ఆగదు. 2018లో ముంబయిలో ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికి వెళ్లిన మనిషి ప్రాణమే పోయింది. అందుకే సగం ఉద్యోగం తలుపు దగ్గరే. పిన్నీసులు, జడపిన్నులు, మొలతాడుకి కట్టిన తాయెత్తు, వేలికి బిగుసుకుపోయిన మెట్టెలు. ఒక పెద్దావిడ తాళి తీయనంటే తీయనని కూర్చుంటే, వాళ్ల కోడలిని పంపి పసుపుకొమ్ము, దారం తెప్పించాను. అది మెడలో పడ్డాకే గొలుసు తీసి కోడలి చేతిలో పెట్టింది. తీరా లోపల పడుకున్న ఐదు నిమిషాలకే మమ్మల్ని పిలవడానికి చేతికిచ్చిన రబ్బరు బంతి నొక్కేసింది, మళ్లీ మొదటికొచ్చింది!

నేర్చుకోవడానికి ఎంఆర్ఐలో ఉన్నంత ఇంకెక్కడా లేదు. ఒంటి భాగాన్ని బట్టి పెట్టే కాయిల్స్, స్కాన్‌లోని రకరకాల సీక్వెన్సులు, ప్లానింగ్, ఎన్నేళ్లయినా కొత్తగానే ఉంటుంది. కాకపోతే సీటీ ఉన్న ప్రతి ఊళ్లోనూ ఎంఆర్ఐ ఉండదు, ఇంటికి దగ్గరగా ఉద్యోగం కావాలంటే సీటీయే దిక్కు.

కొత్తవాళ్లయితే రెండేళ్లు సీటీలోనే చేయండి. అడ్డకోతలో శరీరం ఎలా కనపడుతుందో అక్కడ చెయ్యి తిరుగుతుంది, ఎమర్జెన్సీ భయం పోతుంది, ఆ తర్వాత ఎంఆర్ఐకి మారండి. నడుంనొప్పి ఉన్నవాళ్లు, నైట్లు పడనివాళ్లు నేరుగా ఎంఆర్ఐకే వెళ్లండి. మానేసేటప్పుడు మాత్రం సర్టిఫికెట్‌లో ఏ మెషిన్ మీద ఎన్నేళ్లు చేశారో రాయించుకోండి. నాదాంట్లో ఉత్త 'రేడియోగ్రాఫర్' అని ఉండటంతో గల్ఫ్ ఇంటర్వ్యూలో పావుగంట అదే సంజాయిషీ చెప్పుకున్నాను.