16 పోర్టుల ఐపీ కేవీఎం: కడప సర్వర్ గదిలో మూడేళ్ల వాడకం

ఐపీ కేవీఎం అంటే సర్వర్ల తెర, కీబోర్డ్, మౌస్‌లను నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి వాడనిచ్చే పెట్టె. మీ సర్వర్లన్నిటికీ ఐడ్రాక్ లేదా ఐలో (డెల్, హెచ్‌పీ సర్వర్లలోనే ఉండే రిమోట్ నియంత్రణ ఏర్పాట్లు) ఉండి, రిమోట్ కన్సోల్ లైసెన్సు కూడా ఉంటే ఈ పెట్టె కొనక్కర్లేదు. పాత సర్వర్లూ, అసెంబుల్ చేయించిన డబ్బాలూ కలగలిసిన ర్యాకుకే ఇది. అనంతపురంలో కూర్చుని కడపలో ఉన్న మెషిన్ బయోస్‌లోకి వెళ్లాలన్నా, గ్రబ్ (బూట్ మెనూ) దగ్గర ఆగిపోయినదాన్ని లేపాలన్నా, ఓఎస్ లేచాకే పనిచేసే ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) పనికిరాదు. డబ్బు పెట్టేది ఆ రెండు పనులకే, మూడేళ్లుగా ఆ రెండూ బాగానే చేస్తోంది.

తంటా అంతా కేబుళ్ల దగ్గరే. ప్రతి సర్వర్ వెనకా వీజీఏ, యూఎస్‌బీ పిన్నులున్న డాంగిల్ ఒకటి పెట్టాలి. అక్కణ్నుంచి కేవీఎం దాకా వేసేది మామూలు నెట్‌వర్క్ కేబులే, కానీ మా మోడల్‌లో దాంట్లో నడిచేది ఈథర్‌నెట్ కాదు. మధ్యలో లాన్ స్విచ్ పెడితే బొమ్మ రాదు. కేబుల్ లాగే కుర్రాళ్లకి ముందే చెప్పండి, ఆర్‌జే-45 కనబడితే చాలు స్విచ్‌లో గుచ్చేస్తారు. బొమ్మలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటీ కేబుల్లోని ఒక్కో తీగల జతలో వెళ్తాయి. క్యాట్-6 రకం కేబుల్లో ఒక్కో జత మెలిక ఒక్కో రకం కాబట్టి లోపలి తీగల పొడవులో తేడా వస్తుంది. దూరం పెరిగేకొద్దీ తెల్ల అక్షరానికి ఒక పక్క ఎర్ర అంచు, ఇంకో పక్క నీలి అంచు తేలతాయి. ఖరీదైనది కదా అని క్యాట్-6 వేస్తే ఇంకా చెడుతుంది, క్యాట్-5ఈ మేలు. ర్యాకు లోపల రెండు మూడు మీటర్లకైతే ఏదైనా ఒకటే.

డాంగిల్‌కి కరెంటు సర్వర్ యూఎస్‌బీ నుంచే. పోర్టు ఆఫ్‌లైన్ అంటే సర్వర్‌కి కరెంటు పోయి ఉండాలి, లేదా డాంగిల్ వదులై ఉండాలి. ఆన్‌లైన్ చూపించినంత మాత్రాన సర్వర్ నడుస్తోందని నమ్మొద్దు: ఆపేసిన మదర్‌బోర్డు కూడా స్టాండ్‌బైలో యూఎస్‌బీకి 5 వోల్టులు ఇస్తూ ఉండొచ్చు.

లింకు మందగిస్తే, కీ వదిలిన సంగతి సర్వర్‌కి ఆలస్యంగా చేరి ఒక అక్షరం ఐదారుసార్లు పడుతుంది. పాస్‌వర్డ్ దగ్గర అది కంటికి కూడా కనబడదు. వ్యూయర్‌లో టెక్స్ట్ పేస్ట్ ఉంటే అదే వాడండి, రిజల్యూషన్ 1024×768కి దించండి. కీబోర్డ్ లేఅవుట్ యూకేలో ఉందేమో కూడా చూసుకోండి, ‘@’ కొడితే కొటేషన్ గుర్తు పడుతుంది. మౌస్ బాణాలు రెండు కనబడితే యాబ్సొల్యూట్ మోడ్‌కి మార్చండి, అంతే.

వర్చువల్ మీడియాతో (మీ దగ్గరి ఫైలునే సర్వర్‌కి డిస్కులా చూపించే సదుపాయం) ఓఎస్ వేయొచ్చు, కానీ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్కు ఫైలు) వెళ్లేది మీ ఇంటి అప్‌లోడ్ మీద. 10 ఎంబీపీఎస్‌లో 4 జీబీ ఫైలుకి ఎంత బాగా నడిచినా గంట దగ్గర పడుతుంది. చిన్నదైన నెట్ ఇన్‌స్టాల్ ఐఎస్ఓ పెట్టుకోండి, మిగతాది సర్వరే నెట్ నుంచి దించుకుంటుంది.

బిగుసుకుపోయిన సర్వర్‌కి కరెంటు తీసి పెట్టడం దీనివల్ల కాదు. అందుకు అవుట్‌లెట్ వారీగా ఆపగలిగే పీడీయూ (ర్యాకులో కరెంటు పంచే పట్టీ) వేరే కావాలి. కేవీఎంనీ, రౌటర్‌నీ యూపీఎస్ మీదే పెట్టండి, లేదంటే కరెంటు పోయినప్పుడు సర్వర్లు నడుస్తున్నా మీరు లోపలికి పోలేరు.

కేవీఎంని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవొద్దు, వీపీఎన్ వెనకే ఉంచండి. ఆ వీపీఎన్‌ని రౌటర్‌లోనే నడపండి. అదే ర్యాకులోని వర్చువల్ మెషిన్‌లో పెడితే, దాన్ని నడిపే సర్వర్ పడిపోయిన రోజే దారి మూసుకుపోతుంది. అప్పుడిక కడప బస్సెక్కాల్సిందే.